ఎండలోనే ఆగిపోయే ఏసీ: ఒంగోలు నుంచి ఒక రిపేరు డైరీ

ఏప్రిల్ 26

నెల్లూరులో అమ్మకు షుగరు పరీక్షలు అయ్యేసరికి పన్నెండున్నర దాటింది. అక్కడే భోంచేసి ఒంటిగంటకు ఒంగోలు దారి పట్టాం. కావలి ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు ఉందనగా ఏసీ గాలిలో తేడా తెలిసింది. ముందు చల్లదనం పల్చబడింది, తర్వాత ఉత్త గాలి, ఐదు నిమిషాలకల్లా పొయ్యి దగ్గర కూర్చున్నట్టయింది. బ్లోయరు జోరు తగ్గలేదు. కారు ఎనభై మీద పోతోంది, రోడ్డు ఖాళీగా ఉంది, ఇంజను వేడి ముల్లు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అద్దాలు దించితే వడగాలి మొహాన కొట్టింది. అమ్మకు డెబ్బై రెండేళ్ళు. తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని "ఇంకా ఎంత దూరంరా ఒంగోలు?" అని రెండుసార్లు అడిగింది. డెబ్బై కిలోమీటర్ల పైనే ఉందని చెప్పడానికి నోరు రాలేదు.

కావలి దాటాక ఒక చెట్టు నీడన అరగంట ఆపాం. మళ్ళీ బండి తీస్తే ఏసీ ఏమీ ఎరగనట్టు చల్లగా వచ్చింది. ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు దాకా ఇబ్బంది లేదు. ఒంగోలు ఊళ్ళోకి వచ్చి అద్దంకి బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో నిలబడగానే మళ్ళీ పోయింది. ఈసారి రెండు నిమిషాలకు తనంతట తనే వచ్చింది, వచ్చి మళ్ళీ పోయింది.

ఇది మూడో వేసవి. బడి సెలవులు జూన్ రెండో వారం దాకా ఉన్నాయి. ఈ సెలవుల్లో దీని అంతు చూడాలని ఈ రాత్రే నోటుబుక్కు తెరిచాను.

ఏప్రిల్ 28

ముందు పాత చరిత్ర రాసిపెడుతున్నాను. కారు పదకొండేళ్ళ డీజిలు బండి. రెండేళ్ళ కిందట మేలో మొదటిసారి ఇలాగే అయితే ఒక షాపులో "గ్యాస్ తగ్గింది" అని గ్యాస్ ఎక్కించారు. పోయిన వేసవిలో ఇంకో షాపులో మళ్ళీ ఎక్కించారు. ఈ మార్చిలో ముందుజాగ్రత్తగా నేనే అడిగి కొంచెం ఎక్కించుకున్నాను. మూడుసార్లూ పని అయింది సాయంత్రం ఐదు తర్వాత. ఏసీ చల్లగా వచ్చింది, డబ్బులిచ్చి ఇంటికొచ్చాను. ఆ చల్లదనం గ్యాస్ వల్ల వచ్చిందా, పొద్దు వాలడం వల్ల వచ్చిందా అని అప్పుడు అడగవలసింది, అడగలేదు.

ఏసీలో గ్యాస్ డీజిలు లాంటిది కాదు, వాడుతుంటే అయిపోవడానికి. ఒకే సరుకు గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. కంప్రెషర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది, ముందున్న కండెన్సర్ ఆ వేడిని బయటి గాలికి ఇచ్చి గ్యాస్‌ని ద్రవం చేస్తుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వు దాన్ని సన్నగా వదులుతుంది, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో అది మరిగి ఆవిరవుతూ కారులోని వేడిని లాక్కుంటుంది. ఈ పాత కార్లలో తిరిగే ఆర్ 134ఏ అనే గ్యాస్ మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. పాతకాలం గొట్టాల నుంచి కొద్దికొద్దిగా ఊరిపోవడం నిజమే, కానీ ఏడాదికోసారి గ్యాస్ పోతోందంటే ఎక్కడో లీకు ఉండాలి. లీకుంటే ముందు దాన్ని వెతకాలి. మూడు షాపుల్లో ఒక్కరూ సబ్బు నురగ పెట్టి చూడలేదు.

పైగా నిజంగా గ్యాస్ తక్కువైతే పొద్దున పూట కూడా చల్లదనం పల్చగానే ఉండాలి. నా కారులో ఉదయం ఎనిమిదింటికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

మే 2

మేనల్లుడు వచ్చాడు. డిప్లొమా రెండో ఏడు, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక వైరు ఉంటుంది. వాడితో కలిసి ఈ రోజు రెండు పనులు చేశాను.

ఒకటి: తీగ చివర ప్రోబు ఉన్న డిజిటల్ థర్మామీటరు (260 రూపాయలు) మధ్య వెంటులో (డ్యాష్‌బోర్డు మీద చల్లగాలి వచ్చే కంతలో) దూర్చి క్లిప్పు పెట్టాను. ఇంకో థర్మామీటరు బయటి వేడి చూడటానికి, నీడ పట్టున.

రెండు: అసలు పని ఇది. కంప్రెషర్ ముందు పుల్లీ ఎప్పుడూ బెల్టుతో తిరుగుతూనే ఉంటుంది. ఏసీ కావాలన్నప్పుడు లోపలి కాయిల్‌కు కరెంటు వచ్చి, అది అయస్కాంతమై, ముందున్న క్లచ్ ప్లేటును పుల్లీకి అతికిస్తుంది. అప్పుడే కంప్రెషర్ తిరుగుతుంది. ఆ కాయిల్‌కు పోయే వైరు దగ్గర, కనెక్టరు దాటాక కంప్రెషర్ వైపు, సన్న వైరు ఒకటి కలిపాను. దాని మీద ఒక ఆంపియరు ఫ్యూజు వేసి, బానెట్ అంచు మీదుగా తలుపు సందులోంచి లోపలికి తెచ్చి, 12 వోల్టుల చిన్న ఎర్ర ఎల్ఈడీ బల్బుకు ఇచ్చి, స్టీరింగు పక్కన టేపుతో అంటించాను. రెండో కొస బాడీ ఎర్తుకు. వైరు బెల్టుకూ ఫ్యానుకూ తగలకుండా రెండుచోట్ల కట్టాం.

"దీంతో ఏం తెలుస్తది మామయ్యా?" అన్నాడు వాడు.

"ఏసీ పోయిన క్షణాన ఈ దీపం వెలుగుతోందా ఆరిందా అన్నది తెలుస్తుంది. ఆరితే ఎవరో కరెంటు ఆపుతున్నారు: ప్రెషర్ స్విచ్చో, రిలేనో (కరెంటును కలిపి తెంపే చిన్న స్విచ్చు డబ్బా), కూలింగ్ కాయిల్ దగ్గరి సెన్సరో. వెలుగుతూనే ఉండి గాలి వేడిగా వస్తే తప్పు ఇంకో పక్కన వెతకాలి."

ఎండ తగ్గాక షాపుకి పోతే కారు బాగానే ఉంటుంది. ఎండలో ఆగిన చోట నేనే ఉంటాను, కానీ నా చేతిలో పనిముట్టు ఉండదు. ఈ 30 రూపాయల దీపం ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీ కోసం.

మే 9

వారం రోజులు రోజూ మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య ఊళ్ళో అదే చుట్టు తిరిగాను: ఇంటి నుంచి కర్నూలు రోడ్డు, అద్దంకి బస్టాండు, ట్రంకు రోడ్డు, మళ్ళీ ఇల్లు. టైము, బయటి వేడి, వెంటు వేడి, దీపం.

మొదటి మూడు రోజులు ఏమీ పట్టుబడలేదు. వెంటులో 10, 11 డిగ్రీలు. దీపం సెన్సరు ప్రకారం ఆరుతూ వెలుగుతూ చక్కగా ఉంది. అసలు రోగమే లేదేమో అనిపించింది. నాలుగో రోజు పట్టుబడింది, ఐదో రోజు పట్టుబడింది, ఆరో రోజు మళ్ళీ లేదు. కాగితం మీద పెట్టి చూస్తే గానీ సంగతి అర్థం కాలేదు. తూర్పు నుంచి, అంటే కొత్తపట్నం వైపు నుంచి, సముద్రపు గాలి ఒంటిగంటకే ఊళ్ళోకి వచ్చిన రోజున వేడి 37, 38 దగ్గర ఆగిపోతోంది. ఆ రోజు ఏసీ ఆగదు. పడమటి గాలి బిగిసి సముద్రపు గాలిని రానివ్వని రోజున 42 దాటుతోంది. ఆ రోజు నిలబడిన పది నిమిషాలకు ఆగుతుంది. ఈ తీరం వాళ్ళకు కొత్త సంగతి కాదు, మధ్యాహ్నం తువ్వాలు ఎటు ఎగిరితే అటు చూసి ఆ రోజు ఎట్టా గడుస్తుందో చెప్పేస్తాం. కానీ రిపేరు పరీక్షకు కూడా గాలి దిక్కు రాసుకోవాలని నాకు ఇప్పుడే తెలిసింది. అప్పటి నుంచి నోటుబుక్కులో ఇంకో గడి చేర్చాను.

పట్టుబడిన రెండు రోజులూ ఒకే తీరు. కారు నిలబడి ఉంది. దీపం ఆరింది. నలభై సెకన్ల తర్వాత వెలిగింది. పది సెకన్లకు మళ్ళీ ఆరింది. వెంటు 11 నుంచి 24కు ఎక్కింది. కారు కదిలి నలభై వేగం అందుకోగానే దీపం నిలకడగా వెలిగింది, చల్లదనం వచ్చింది.

అంటే ఎవరో కరెంటు ఆపుతున్నారు, అదీ గాలి తగలనప్పుడే. పై ప్రెషర్ మితిమీరితే కంప్రెషర్ పగిలిపోకుండా ఆపే స్విచ్చు ఉంటుంది. చాలా కార్లలో అది 450 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) ప్రాంతంలో ఆపుతుంది. అనుమానం దాని మీద. దాని మీదంటే స్విచ్చు చెడిందని కాదు, అది తన పని తాను చేస్తోందని.

అయితే కావలి దగ్గర కారు ఎనభై మీద పోతోంది. గాలికి కొదవలేదు. ఈ లెక్క ఆ రోజుకు సరిపోవడం లేదు. పేజీ పైన ఎర్ర ఇంకుతో "కావలి?" అని రాసి పెట్టాను.

మే 11

ఏసీ పని ముప్పై ఏళ్ళుగా చేస్తున్న భాయ్ ఒకరు మా పక్క వీధిలోనే ఉన్నారని మా తోటి మాస్టారు చెప్పారు. ఫోన్ చేసి "మధ్యాహ్నం రెండింటికి రమ్మంటారా?" అంటే, "ఆ టైముకు ఎవరూ రారు సార్, రండి" అన్నారు. ఆ మాటకే సగం నమ్మకం కలిగింది.

పడమటి గాలి. నీడలో 41. గేజీలు తగిలించి, ఇంజను నిమిషానికి 1500 చక్కర్ల దగ్గర పెట్టి, తలుపులు తెరిచి ఏసీ ఫుల్లులో వదిలాం. చిన్న గేజి (కంప్రెషర్‌లోకి వచ్చే గ్యాస్ ప్రెషర్) 55 నుంచి 60. పెద్ద గేజి (కంప్రెషర్ నుంచి బయటికి పోయే గ్యాస్ ప్రెషర్) 300, 340, 380, 410. దీపం ఇంకా వెలుగుతోంది. 410 అంటే ఏమిటో భాయ్‌కి చేతి అలవాటు, నాకు ఏ ప్రెషర్‌కు ఎంత వేడో చెప్పే పట్టికలో లెక్క. ఆ ప్రెషర్‌లో ఆర్ 134ఏ 85 డిగ్రీల దగ్గర గానీ ద్రవం కాదు. 41 డిగ్రీల గాలిలో మంచి కండెన్సర్ 60, 70 దగ్గర పని ముగించాలి. ఇది వేడిని బయటికి తోయలేక లోపలే పేరుస్తోంది.

భాయ్ ఒక మగ్గుతో నీళ్ళు తీసుకుని గ్రిల్లు మీద చల్లారు. అర నిమిషంలో పెద్ద గేజి 270కి దిగింది, చిన్నది 45కు. వెంటులో గాలి అప్పటికప్పుడు మారింది. నీళ్ళు ఆరిపోగానే ముల్లు మళ్ళీ ఎక్కడం మొదలైంది, 440 దాటాక దీపం ఆరింది.

"చూశారా సార్. గ్యాస్ రోగం కాదిది. ఊపిరాడట్లా దీనికి."

మగ్గు నీళ్ళు రిపేరు కాదు, కానీ ఇంత తొందరగా ఇంత స్పష్టంగా జవాబు చెప్పే పరీక్ష ఇంకోటి నాకు తెలియదు. మా పదో తరగతి పిల్లలకు చూపించాలి.

మే 13

పైన అడ్డంగా ఉన్న బ్రాకెట్టు విప్పి రేడియేటర్ని ఒక అంగుళం వెనక్కి వాల్చి, టార్చి వేసి చూశాం. బయటినుంచి చూస్తే కండెన్సర్ జాలీ శుభ్రంగానే ఉంది. లోపల, రేడియేటర్‌కూ దానికీ మధ్య సందులో బూడిదరంగు పొర కంబళిలా పేరుకుని ఉంది. ఎక్కడిదో చెప్పక్కర్లేదు. నేను పాఠం చెప్పే బడి చీమకుర్తి దారిలో ఉంది. ఏళ్ళ తరబడి గ్రానైటు రాళ్ళ లారీల వెనక రోజూ రాకపోకలు. ఆ రాతిపొడి వానాకాలంలో తడిసి ముద్దయి, ఎండి, మళ్ళీ తడిసి గట్టిపడింది. మధ్యలో గడ్డిపరకలు, రెక్కల పురుగులు.

ప్రెషరు వాషరు పెట్టవద్దని భాయ్ గట్టిగా చెప్పారు. ఆ జాలీ రేకులు గోటికే వంగుతాయి, జోరుగా కొడితే పడుకుని గాలికి శాశ్వతంగా అడ్డమవుతాయి. తోటకు నీళ్ళు పెట్టే గొట్టంతో, వెనక నుంచి ముందుకు, అంటే గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా, నింపాదిగా కడిగాం. గంటన్నర పట్టింది. మొదటి ఇరవై నిమిషాలు బురద కారింది. వంగిన రేకుల్ని మేనల్లుడు పాత టూత్‌బ్రష్షుతో, సన్న పుల్లతో ఓపిగ్గా లేపాడు.

పక్కల ఉండాల్సిన రబ్బరు పట్టీలు చిరిగి వేలాడుతున్నాయి. అవి లేకపోతే కారు నిలబడి ఉన్నప్పుడు ఫ్యాను ఇంజను వైపు వేడిగాలినే పక్కలనుంచి తిప్పి మళ్ళీ పీలుస్తుంది. దళసరి ఫోము కోసి బిగించాం. చాలామంది పట్టించుకోని చోటు ఇది.

ఫ్యాను తిరుగుతోంది గానీ నీరసంగా ఉంది. మోటారు లోపలి బ్రష్షులు అరిగుంటాయని భాయ్ అన్నారు. సరుకు దొరకాలి. దాన్ని పక్కన పెట్టాం.

సాయంత్రం చూస్తే పెద్ద గేజి 330. తగ్గింది, కానీ ఆ వేళకు ఇంకా తగ్గాలి.

మే 16

తెల్లారి ఐదున్నరకు కారు చల్లగా ఉన్నప్పుడు గేజీలు తగిలించాను. రాత్రంతా ఆగి ఉంది కాబట్టి రెండు గేజీలూ ఒకటే చూపాలి, చూపాయి: 112. బయట 31 డిగ్రీలు. పట్టిక ప్రకారం 31 డిగ్రీల దగ్గర ఆర్ 134ఏ ప్రెషర్ 100.

ఇక్కడ ఒక్కమాట. ఆగి ఉన్న కారుకు గేజి పెట్టి "గ్యాస్ బాగుంది", "గ్యాస్ తక్కువ" అని చెప్పేవాళ్ళు ఉన్నారు. అది కుదరదు. ఇంట్లో గ్యాస్ బండ సగం ఉన్నా నిండుగా ఉన్నా లోపల ప్రెషర్ ఒకటే, ఆ రోజు వేడిని బట్టి ఉంటుంది. అందుకే బండలో ఎంతుందో తెలియాలంటే కాటా పెట్టాలి. ఏసీ కూడా అంతే. ద్రవం బొట్టు మిగిలున్నంత సేపు ఆగిన ప్రెషర్ సరుకు ఎంతుందో చెప్పదు. కానీ పట్టికలో ఉండాల్సిన దానికంటే ఎక్కువ చూపిస్తే మాత్రం ఒక నిజం చెబుతుంది: లోపల గ్యాస్ కానిది ఇంకేదో ఉంది. మామూలుగా అది గాలి. గొట్టాల్లోని గాలి వదలకుండా హడావుడిగా గ్యాస్ ఎక్కిస్తే అదీ లోపలికి పోతుంది. గాలి ఎంత నొక్కినా ద్రవం కాదు, కండెన్సర్‌లో చోటు ఆక్రమించి కూర్చుంటుంది.

పది గంటలకు భాయ్ దగ్గర గ్యాస్ లాగే మెషీనుతో మొత్తం తీయించాం. కాటా మీద 610 గ్రాములు. బానెట్ కింద చీటీ మీద రాసినది 450. మూడుసార్లు "కొంచెం కొంచెం" ఎక్కించిన ఫలితం 160 గ్రాముల అదనం. అదనపు ద్రవం కండెన్సర్ అడుగున నిలిచి, వేడిని వదిలే చోటును మింగేస్తుంది. నేను డబ్బులిచ్చి ఏసీని చెడగొట్టించుకున్నాను, మార్చిలో అయితే అడిగి మరీ.

మెషీను ఎందుకని పనిలో ఉన్న కుర్రాడు వాల్వు వదిలేయబోతే భాయే ఆపారు: "గాల్లోకి వదలమాక." ఆర్ 134ఏ పాత ఆర్ 12 గ్యాస్ లాగా ఓజోను పొరను తినదు, కానీ భూమిని వేడెక్కించడంలో ఒక కిలో దాదాపు 1400 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానం. నా ఒక్క కారులోని ఆ అదనమే రెండు క్వింటాళ్ళ పైమాట. ఇంకో సంగతి కూడా భాయ్ చెప్పారు. చౌకగా వస్తుందని వంటగ్యాస్ లాంటి సరుకు కలిపిన సిలిండర్లు అమ్మేవాళ్ళున్నారు. చల్లదనం ఇస్తుంది, కానీ మంటకు అంటుకుంటుంది. సీలు ఉన్న డబ్బా చూసి ఎక్కించుకోండి.

లాగిన పాత గ్యాస్ వేరే సిలిండర్లోకి పోయింది. డ్రయ్యర్ (గ్యాస్‌లోని తేమ పీల్చే డబ్బా) మార్చాం. వాక్యూమ్ పంపు 45 నిమిషాలు నడిపి, ఆపి, అరగంట వదిలాం. ముల్లు కదల్లేదు, లీకు లేదు. కాటా మీద 450 గ్రాములు ఎక్కించి ఆపాం. "ఇంకో ముప్పై వేద్దామా సార్, ఎండాకాలం కదా" అని కుర్రాడు అన్నాడు. వద్దన్నాను.

మధ్యాహ్నం రెండు, నీడలో 41. పెద్ద గేజి 280, చిన్నది 42, వెంటు 12. నిలబెట్టి నలభై నిమిషాలు ఉంచినా దీపం అకారణంగా ఆరలేదు.

మే 24

ఎనిమిది రోజులు, రోజూ చుట్టు, మూడు రోజులు పడమటి గాలి. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంట్లో అందరూ "అయిపోయినట్టేగా" అంటున్నారు. ఎర్ర ఇంకు మాట మాత్రం అలాగే ఉంది. కండెన్సర్ మురికి, అదనపు గ్యాస్, నీరసపు ఫ్యాను అన్నీ నిలబడి ఉన్నప్పుడు చంపేవి. ఎనభై మీద పోయే కారుకు గాలి తనంతట అదే తగులుతుంది. పైగా ఆ రోజు అరగంట ఆపితే గానీ రాలేదు. ప్రెషర్ స్విచ్చు అయితే నిమిషంలో వదలాలి.

మే 27

రోహిణి కార్తె. నీడలో 44. పొద్దున పదకొండు నుంచి కారును కావాలనే ఎండలో పెట్టి, ఒంటిగంటకు మేనల్లుడితో సింగరాయకొండ వైపు హైవే ఎక్కాను. టంగుటూరు టోలు దాటాం. వెంటు 8 డిగ్రీలు, ఇంత ఎండలో ఇంత చల్లదనం ఎప్పుడూ చూడలేదు. దీపం ఆరింది, అది మామూలే. కూలింగ్ కాయిల్ మంచు కట్టకుండా సెన్సరు కాసేపు ఆపుతుంది. కొన్ని సెకన్లకు మళ్ళీ వెలిగింది.

వెంటు 9. 11. 14. 19.

"మామయ్యా, దీపం వెలుగుతానే ఉంది" అన్నాడు వాడు.

దీపం వెలుగుతోంది, గాలి వేడెక్కుతోంది. కావలిని చూస్తున్నానని ఆ క్షణంలోనే అర్థమైంది. మల్టీమీటరు దీపం వైర్లకే తగిలించమన్నాను. 12.3 వోల్టులు. బ్యాటరీ దగ్గర ఛార్జింగు 13.8 ఉంటుంది. అంటే దారిలోనే వోల్టున్నర పోతోంది.

పక్కకు తీసి ఇంజను ఆపాం. తాళంచెవి జేబులో వేసుకున్నాకే బానెట్ ఎత్తాను. క్లచ్ కాయిల్ కనెక్టరు తీసి ఓములు (కరెంటుకు ఎంత అడ్డో) కొలిచాం: 4.8. మే 2న వైరు కలిపేటప్పుడు పొద్దున్నే కొలిచినది నోటుబుక్కులో ఉంది: 32 డిగ్రీల దగ్గర 3.7. రాగి తీగ వేడెక్కితే అడ్డు పెరుగుతుంది, ఇది నేను ఏటా బోర్డు మీద రాసే పాఠమే. ఆ తేడా నుంచి వెనక్కి లెక్కేస్తే కాయిల్ 110 డిగ్రీల దగ్గర ఉంది. చల్లగా ఉన్నప్పుడు 3.3 ఆంపియర్లు లాగేది ఇప్పుడు 2.6 లాగుతోంది. అయస్కాంతం అంత నీరసపడింది.

ఇంజను ఆగే ఉంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న వైరుతో కాయిల్‌కు నేరుగా కరెంటు ఇచ్చాం. బాగుంటే "టక్" మని ప్లేటు అతుక్కోవాలి. చప్పుడు లేదు. మేనల్లుడు కర్రతో ప్లేటును పుల్లీ వైపు కొద్దిగా నెట్టాడు. టక్. అతుక్కుని ఉండిపోయింది. కరెంటు తీసి మళ్ళీ ఇస్తే మళ్ళీ చప్పుడు లేదు.

అతుక్కుంటే పట్టుకోగలుగుతోంది, దూరం నుంచి లాక్కోలేకపోతోంది. ఏళ్ళ అరుగుదలతో ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందు పెరిగింది. పొద్దున కాయిల్ చల్లగా ఉన్నప్పుడు ఆ సందును దాటించి లాగేస్తోంది. ఎండలో, ఇంజను వేడిలో, గంట నడిచాక శక్తి చాలడం లేదు. అందుకే ఏసీ బాగా చల్లబరిచిన రోజునే, సెన్సరు ఒకసారి ఆపి మళ్ళీ పిలిచినప్పుడే ఇది జరుగుతుంది. పిలుపు అందినా ప్లేటు రాదు, కాయిల్‌లో కరెంటు మాత్రం పోతూనే ఉంటుంది కాబట్టి అది చల్లారదు కూడా. అరగంట నీడన ఆపితే చల్లారి మళ్ళీ పట్టుకుంటుంది. కావలి దగ్గర జరిగింది అచ్చంగా ఇదే.

ఇంజను నడుస్తుండగా ఆ ప్లేటు జోలికి ఎవరూ పోవద్దు. బెల్టు పక్కన చేయి పెట్టడమంటే వేళ్ళు పోగొట్టుకోవడమే. ఈ పరీక్ష మొత్తం ఇంజను ఆపే చేయాలి.

మే 28

ఒక పెద్ద షాపుకు పోయి లక్షణం మాత్రమే చెప్పి, అభిప్రాయం అడిగాను. "కంప్రెషర్ పోయింది, మార్చాల్సిందే" అన్నారు. పద్దెనిమిది వేలు. బానెట్ ఎత్తలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

భాయ్‌కి ఓముల లెక్కంతా చూపిస్తే మొదట ఒప్పుకోలేదు. "క్లచ్ జారితే కాలిన వాసన రావాలి సార్, బెల్టు కీచుమనాలి." నిజమే, జారితే ఆ గుర్తులుంటాయి. ఇది జారడం కాదు, అసలు అందుకోకపోవడం. సందు కొలుద్దాం, మామూలుగా ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటానన్నాను. కారు ర్యాంపు ఎక్కించి, ముందు చక్రం, లోపలి ప్లాస్టిక్ మడ్‌గార్డు తీసి ఫీలర్ గేజి (సందు కొలిచే సన్న రేకులు) పెట్టారు. మూడు చోట్ల 0.9, 0.85, 0.9 మిల్లీమీటర్లు. సాధారణంగా ఉండాల్సింది 0.3 నుంచి 0.6. భాయ్ ఫీలర్ గేజిని ఒకసారి తుడిచి మళ్ళీ పెట్టి చూసి, "రేపొద్దు, ఎల్లుండి రండి సార్, ఇప్పేద్దాం" అన్నారు.

మే 30

ప్లేటును కదలకుండా పట్టి నడిమి నట్టు తీసి, పుల్లర్ బోల్టుతో ప్లేటును బయటికి లాగారు. లోపల షాఫ్టు మీద సన్న వాషర్లు, వీళ్ళు షిమ్ములంటారు, రెండున్నాయి. ఒకటి 0.5 మందం. అది తీసేసి మళ్ళీ బిగిస్తే మూడు చోట్లా 0.4. చేత్తో తిప్పితే ఎక్కడా రాసుకోవడం లేదు. అంతే పని. కొత్తగా కొన్న వస్తువు లేదు, తీసేసిన వస్తువు ఒకటి ఉంది.

మిగతా సగం, ఆ పోయిన వోల్టున్నర. కంప్రెషర్ దగ్గరి కనెక్టరు విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము. సముద్రం ఇంత దగ్గరున్న ఊళ్ళో ఇనుప గేట్లకే దిక్కులేదు, పిన్నులు ఎంత. గీకి శుభ్రం చేసి, వదులైన పిన్ను బిగించి, కొత్త రిలే (190 రూపాయలు) వేశాం. ఇప్పుడు కాయిల్ దగ్గర 13.5 వోల్టులు.

కాయిల్‌ని వేడి చేసి చూడాలి. ముప్పావుగంట ఏసీ నడిపి, ఇంజను ఆపి, ఓములు చూస్తే 4.7. నేరుగా కరెంటు ఇచ్చాం. టక్. పదిసార్లు ఇచ్చాం, పదిసార్లూ టక్. భాయ్ పక్కనున్న కుర్రాణ్ణి పిలిచి "ఇది చూసి నేర్చుకో" అని మళ్ళీ ఇంకో మూడుసార్లు ఇప్పించారు. మజూరీ ఆరు వందలు తీసుకున్నారు.

జూన్ 2

అమ్మకు రిపోర్టులు చూపించే రోజు. వెళ్ళేటప్పుడు పొద్దున్నే కాబట్టి లెక్కలోకి తీసుకోను. తిరుగు ప్రయాణం నెల్లూరులో 12:50కి మొదలు. కారు మూడు గంటలు ఎండలో ఉంది. బయట 43, పడమటి గాలి. మొదటి పది నిమిషాలు అద్దాలు సగం దించి లోపలి వేడి పోనిచ్చి, తర్వాత లోపలి గాలే తిరిగేట్టు పెట్టాను.

1:05కి వెంటు 15. 1:20కి 10. కావలి ముందు, మొన్న ఆగిన చోట, 8. దీపం ఆరింది, ఏడు సెకన్లకు వెలిగింది, వెంటు 9 దాటలేదు. అక్కడినుంచి ఉలవపాడు దాకా దీపం ఆరి వెలగడం పద్దెనిమిదిసార్లు లెక్కపెట్టాను, ప్రతిసారీ చల్లదనం తిరిగొచ్చింది. ఉలవపాడులో మామిడికాయల కోసం ఇంజను నడుస్తుండగా పది నిమిషాలు ఆగాం, 13 దాటలేదు. అమ్మ వెనక సీట్లో నిద్రపోయింది. నోటుబుక్కులో "కావలి?" దగ్గరి ప్రశ్నగుర్తు కొట్టేశాను.

జూన్ 5

మిగిలిన పని ఫ్యాను ఒక్కటే. ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు నిలబడితే వెంటు 12 నుంచి 15కు ఎక్కుతోంది, కారు కదిలితే దిగుతోంది. బ్రష్షులు విజయవాడ నుంచి రావాలని భాయ్ అన్నారు, శనివారానికి వస్తాయట. ఫ్యాను లాగే కరెంటు ఇప్పుడు కొలిచి రాసి పెట్టాను, కొత్తవి వేశాక అదే వేళకు, అదే గాలి ఉన్న రోజున మళ్ళీ కొలుస్తాను. బడి తెరిచి చీమకుర్తి దారి పట్టాక కండెన్సర్ కడుగుడు రెండు నెలలకోసారి. తేదీలు క్యాలెండర్ మీద గుర్తు పెట్టాను. దీపం అక్కడే ఉంచేశాను.